‘మళ్ల రాసుకో’ అన్నారు మా ఆయన

ప్రశ్న: మాది హనుమకొండ. వయసు 43. ప్రైవేటు ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఏడో తరగతి నుంచి కథలు రాస్తున్నా. అన్నీ మాయలు, వేరే లోకాలు, అంతరిక్షం కథలే. ఇంకో రకం నాకు రావు. అందరూ పడుకున్నాక వంటింట్లో బియ్యం డ్రమ్ము మూత మీద నోటుబుక్కు పెట్టుకొని రాస్తా. పత్రికలకు నాలుగు కథలు పంపితే ఒక్కటీ అచ్చు కాలేదు. ఒక సభలో ఓ పెద్దాయనకు చూపిస్తే, ‘ఇవి పిల్లల కథలమ్మా, సమాజానికి పనికొచ్చేవి రాయండి’ అన్నారు. పోయిన నెల ఇంటికి రంగులు వేయించేటప్పుడు మా ఆయన సజ్జ మీది గోనెసంచిని పాత పేపర్లతో పాటు అమ్మేశారు. నా నాలుగు నోటుబుక్కులు దాంట్లోనే ఉన్నాయి. పన్నెండేళ్లు రాసిన నవల అది. పాకాల చెరువు తూము దగ్గర చెవి పెడితే ఒక పిల్లకు అవతలి లోకం మాటలు వినిపిస్తాయి, అదీ కథ. ఏడిస్తే, ‘పాత బుక్కులనుకున్న. గంత ఏడ్సుడెందుకు, మళ్ల రాసుకో’ అన్నారు. ‘ఆడిపిల్ల పెండ్లికి ఎదుగుతాంటె ఈ రాకాసి కథలేంది’ అంటది మా అత్తమ్మ. అమ్మాయి ఇంటర్, బాబు ఎనిమిదో తరగతి. మూడు వారాలుగా ఆయనతో మాటల్లేవు. ఉద్యోగం మానేసి మా అమ్మ దగ్గరికి పోయి రెండేళ్లు రాసుకోవాలని ఉంది. లేకుంటే ఈ పిచ్చి పూర్తిగా వదిలేయాలి. ఏది చేయమంటారు?
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: రెండూ వద్దమ్మా. కానీ ముందు ఆ నోటుబుక్కుల సంగతి మాట్లాడుకోవాలి.

పన్నెండేళ్ల రాత పోవడం చిన్న నష్టం కాదు. ఇంట్లో బంగారం పోయుంటే నలుగురూ వచ్చి పలకరించేవాళ్లు. దీనికి ఎవరూ రాలేదు. మీరే ఏడ్చి, మీరే కండ్లు తుడుచుకొని మర్నాడు డ్యూటీకి పోయి ఉంటారు. విప్పి చూడకుండా, అడగకుండా అమ్మడం మీ ఆయన తప్పే. ఆ మాట ఆయనతో నేరుగా అనండి. మూడు వారాల మౌనం ఆయనకు కోపంగానే కనిపిస్తుంది, దెబ్బ ఎక్కడ తగిలిందో కనిపించదు.

అయితే మీ ఉత్తరంలో ఒకచోట నేను ఆగిపోయాను. ఆ బుక్కులు ఉన్నది సజ్జ మీద, గోనెసంచిలో. రాసేది అందరూ నిద్రపోయాక, బియ్యం డ్రమ్ము మీద. ఇన్నేళ్లలో ఒక్క పేజీ అయినా ఆయనకు చదివి వినిపించారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. ముప్పై ఏళ్ల ఇష్టాన్ని దొంగసొమ్ములా దాచుకుంటూ వచ్చారు. తప్పు మీదని అనను. నవ్వుతారని తెలిసినచోట ఎవరైనా దాచుకుంటారు. కానీ మీరు దాచినంత కాలం ఇంట్లోవాళ్లకు అది పాత కాగితమే.

‘మళ్ల రాసుకో’ అన్న మాట మీకు పుండు మీద కారంలా తగిలింది. అందులో నాకు ఇంకోటి కూడా వినిపించింది. ఆయన ‘ఇక రాయకు’ అనలేదు. మీరు రాస్తారని ఆయనకు తెలుసు, రాస్తారనే అనుకుంటున్నారు. ఆ తలుపు మూసుకోలేదు.

ఇక ఆ పెద్దాయన మాట. ఓరుగల్లు సభల్లో కథ అంటే భూమి, కరువు, పోరాటం. ఈ నేల అలాంటిది కాబట్టి ఆ లెక్క పుట్టింది, నాకూ దాని మీద గౌరవమే. కానీ పదమూడో శతాబ్దంలో గణపతిదేవుని కాలంలో కట్టిన చెరువు, ఎనిమిది వందల ఏండ్లుగా ఊళ్లకు అన్నం పెడుతున్న చెరువు, దాని తూముకు చెవి పెట్టిన పిల్ల. ఇది సమాజం కథ కాదని ఎలా అంటారు? మీ పిల్ల వినే మాటలు మత్తడి దుంకిన రాత్రి ఒకలా, చెరువు నెర్రెలిచ్చిన ఎండాకాలం ఒకలా ఉంటే చాలు, ఆ పెద్దాయన అడిగింది అందులోనే ఉంది.

మన చుట్టుపక్కల వింతలకు కొదవేం లేదు. 1213 నాటి రామప్ప గుడి శిఖరానికి నీళ్లల్లో తేలే ఇటుకలు వాడారు. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర జురాసిక్ కాలపు రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. కోటసారస్ అని పేరు పెట్టారు. ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. పిల్లలకు సెలవులిచ్చినప్పుడు అందరూ కలిసి పోయి దాని కింద నిలబడి చూడండి. అంత జంతువు మన గోదావరి పక్కన తిరిగిందంటే కథ దానంతటదే మొదలవుతుంది. ఇంకో మాట. ‘బడి పలుకుల భాష’ కాదు, ‘పలుకుబడుల భాష’ కావాలన్న కాళోజీ ఉన్న ఊరు మీది. మీ అవతలి లోకపు జీవి గ్రాంథికం మాట్లాడుతుంటే మాత్రం మార్చండి. అది హనుమకొండ చౌరస్తా మాట మాట్లాడితే నాకు ఇంకా నమ్మబుద్ధి అవుతుంది.

ఉద్యోగం మానొద్దు. తెలుగులో కథలు రాసి ఇల్లు గడుపుకునేవాళ్లు చాలా తక్కువ. మీ జీతం ఆగిన రోజు ఆ లోటంతా మీ కథల మీద పడుతుంది. అమ్మాయి ఫీజు ఆలస్యమైనా మీ నవలదే తప్పవుతుంది. చైనాలో లియు సిషిన్ అనే ఆయన విద్యుత్ కేంద్రంలో కంప్యూటర్ ఇంజనీరుగా పనిచేసేవారు. ఆ నౌకరీ చేస్తూ రాసిన సైన్స్ ఫిక్షన్ నవలకు 2015లో, ఆ రకం కథలకు ఇచ్చే పెద్ద బహుమతి హ్యూగో అవార్డు వచ్చింది. ఇంగ్లండ్‌లో టోల్కిన్ ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పుకుంటూనే తన పెద్ద నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాశాడు. 1937 చివర్లో మొదలుపెడితే రాత పూర్తయ్యేసరికి 1949. మీలాగే పన్నెండేళ్లు.

టోల్కిన్ విషయంలో నాకు బాగా ఇష్టమైన సంగతి వేరే ఉంది. అంతకుముందు రాసిన ‘ది హాబిట్’ రాతప్రతిని 1936లో లండన్ ప్రచురణకర్త తన పదేళ్ల కొడుకు చేతిలో పెట్టాడు. చదివి నాలుగు మాటలు రాసిచ్చినందుకు పిల్లాడికి ఒక షిల్లింగు కూలి. వాడు బాగుందన్నాక ఏడాదికి పుస్తకం వచ్చింది. ‘పిల్లల కథలు’ అని ఆ పెద్దాయన తీసిపారేసినవి మీ ఎనిమిదో తరగతి బాబుకు ఎప్పుడైనా ఇచ్చారా? మొదటి పది పేజీలు ఇవ్వండి. ఎక్కడ బోరు కొట్టిందో పెన్సిల్‌తో గీత పెట్టమనండి. నిజమే చెప్పమనండి, ఆ వయసు పిల్లలు మొహమాటపడరు.

అత్తమ్మకు జవాబు చెప్పకండి. ఆమె చిన్నప్పుడు విన్న ఒగ్గు కథలు చెప్పమని అడగండి. రాకాసులు, మాయలు మీకంటే ఎక్కువ ఆమె దగ్గరే ఉంటాయి. చెప్పడం మొదలుపెట్టాక ఆపమన్నా ఆపరు, అవన్నీ మీ బుక్కులోకి వస్తాయి.

ఇక నుంచి బియ్యం డ్రమ్ము వద్దు. హాల్లో ఒక టేబుల్, కుర్చీ, తాళం వేసే చిన్న అర. రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ‘నేను రాసుకుంటున్న’ అని చెప్పి అందరి ముందే కూర్చోండి. అనుమతి అడిగినట్టు కాదు, డ్యూటీకి పోతున్నానని చెప్పినట్టు. ఆ గంటలో అన్నం ఎవరు వడ్డించుకోవాలో మొదటి వారం గొడవ అవుతుంది. వెనక్కి తగ్గకండి. లేచే ముందు ఆ రోజు రాసిన పేజీలను ఫోన్‌లో ఫొటో తీసి మీ మెయిల్‌కు పంపుకోండి.

పోయిన నవలను ఉన్నదున్నట్టు తిరిగి రాయాలని చూడొద్దు, గుండె పగులుతుంది. కళ్లు మూసుకుంటే కనిపించే చోటు నుంచి మొదలుపెట్టండి. నాకు ఒక్క వాక్యంలో చెబితేనే ఆ పిల్ల, ఆ తూము కనిపించాయి. అంటే అవి గోనెసంచిలో పోలేదు.

ఇవన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటి ఉంది. ఈ ఆదివారం మీ ఆయనను వెంటబెట్టుకొని, ఆ పేపర్లు అమ్మిన పాత సామాన్ల దుకాణానికి పోండి. మూడు వారాలైంది, దొరకకపోవచ్చు. అయినా ఇద్దరూ కలిసి ఆ కట్టలు విప్పి వెతకండి. ఏ రంగు అట్ట, ఎన్ని పేజీలు, లోపల ఏముందని ఆయన అడుగుతారు. అక్కడే నిలబడి ఆ పిల్ల కథ ఆయనకు మొదటి నుంచి చెప్పండి.