గిన్నెలో అన్నం అతికించకు

చిన్నమ్మలూ,

ఉద్యోగం మానేసి పిల్లల బొమ్మలు చేయిస్తానన్నావని మీ అమ్మ ఫోన్‌లో ఒకటే ఏడుపు. ఆవిడతో నేనూ "అయ్యో" అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఏటికొప్పాకలో కనబడ్డవాళ్లందరికీ చెప్పుకొచ్చాను, మా మేనకోడలు మన లక్కపిడతల్ని బెంగళూరులో అమ్మబోతోందని.

కర్ర అంకుడే కావాలి. బాగా ఆరాకే లేత్ ఎక్కించాలి, లేదంటే మీ ఏసీ గదుల్లో పగిలి కూర్చుంటుంది. మన బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు, అంటే ఇవి ఈ ఊరివేనని చెప్పే గుర్తింపు, వచ్చింది కాబట్టి పెట్టె మీద ఊరి పేరు వేస్తే సరుకు ఇక్కడిదే అయ్యుండాలి. 2021 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. నమోదైన హస్తకళాకారులు తామే చేసి అమ్ముకుంటే మినహాయింపు ఉంది, నీ కంపెనీకి అది వర్తిస్తుందో లేదో ముందే కనుక్కో. మూడేళ్లలోపు పిల్లలకి నోట్లో పట్టే ముక్క ఇవ్వకు.

నీ డ్రాయింగులు చూశాను. పువ్వుల్లేవు, గీతల్లేవు, ఒక్కో గిన్నెకి ఒక్కటే రంగు. "ఇంత బోడిగానా?" అంది మీ అమ్మ. నాకు నచ్చాయి. లేత్ మీద తిరిగే కర్రకి గుండ్రంగా రావడమొక్కటే తెలుసు. లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి చుట్టూ పరుచుకుంటుంది, మొగలి రేకుతో రుద్దితే మెరుస్తుంది. ఆ పైన చేసేదంతా అతికింపే.

ఆ అతికింపు ఎందాకా పోతుందో విను. నువ్వింకా పుట్టలేదు. పట్నం నుంచి ఒక వ్యాపారి వచ్చి, లక్కపిడతలు బోసిగా ఉన్నాయి, చూడగానే వంటిల్లులా కనబడాలన్నాడు. గిన్నెలో తెల్లన్నం చెక్కి అతికించాలట. పొయ్యికి ఎర్రమంట, బాణలిలో గారెలు. పెద్ద ఆర్డరు. వీధి వీధంతా రాత్రుళ్లు కూర్చుని చేశాం. చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి, కాదనను. ఒక సెట్టు ఎదురింటి పిల్లకిచ్చాం. అది గిన్నె బోర్లించి దులిపింది. అన్నం రాలేదు. గోటితో గీకింది. "మామయ్యా, ఇవాళ మా బొమ్మల పెళ్లి, పాయసం వండాలి, ఈ అన్నం తీసెయ్" అంది. తీస్తే గిన్నె విరుగుతుంది, ఏం తీస్తాం! కాసేపు నిలబడి చూసి, పొట్టులో పడున్న రంగెయ్యని గిన్నె ఒకటి ఏరుకుని పోయింది. ఆ పూట అందులో ఇసుక పాయసం, మర్నాడు చింతగింజల పప్పు. ఇంకోరోజు చూస్తే అదే గిన్నె పెళ్లికొడుకు నెత్తిన టోపీ! వ్యాపారి సరుకు షోకేసుల్లోకి పోయింది. ఆ రకం మళ్లీ ఎవరూ అడగలేదు.

నీ గిన్నెలో అన్నం లేదు, సంతోషం. మరి పెట్టెలో కార్డెందుకు? "ఈ గిన్నె అమ్మ ప్రేమకి గుర్తు" అని అచ్చేయిస్తావట. ఏమే, ఆ వ్యాపారికీ నీకూ తేడా ఏంటి? వాడు కర్రతో అతికించమన్నాడు, నువ్వు అక్షరాలతో అతికిస్తున్నావు. ఆ గిన్నెతో ఆడుకునే పిల్లకి అమ్మ ఉందో లేదో నీకేం తెలుసు? వాళ్లింట్లో వండేది తాతయ్యేమో! ఆ కార్డు తీసెయ్.

జర్మనీలో కిండర్‌గార్టెన్ మొదలుపెట్టిన ఫ్రోబెల్ పిల్లలకి ఊలు బంతులు, చెక్క గోళం, ఘనం, స్థూపం ఇచ్చాడని నువ్వే కదా చెప్పావు. వాటికీ కళ్లూ ముక్కూ లేవు. కానీ ఆ చెక్క ముక్కల్ని వేలాడదీసి తిప్పడానికి దారం కట్టే కొక్కెం పెట్టాడు. మరి నీ గిన్నె మూత మీద పట్టుకునే బొడిపె ఏదే? నున్నగా బాగుందని తీసేశావు. చిన్న పిల్ల ఆ మూత ఎలా ఎత్తుతుంది? నీ చిన్నప్పుడు వేలికి వేడి లక్క అంటుకుంటే ఏడుస్తూనే "ఇంకో రంగెయ్యి మామయ్యా" అన్నదానివి, చేతి సంగతి నీకు నేను చెప్పాలా?

బొడిపె ఉన్న మూతలు, లేని మూతలు రెండూ తీయించి పంపిస్తాను. మీ అపార్ట్‌మెంటు పిల్లల ముందు పెట్టి నువ్వు పక్కకి తప్పుకో, ఏదీ నేర్పకు. రాజీనామా మాత్రం ఆ తర్వాతే ఇవ్వు. మీ అమ్మకి నేను సర్దిచెబుతాలే, నువ్వు ముందు ఆవిడ ఫోనెత్తు.

నీ మామయ్య