అత్తయ్యను అడిగి రా

ఒంగోలు,
మే మొదటి వారం.

అమ్మాయికి,

దీవెనలు. నీ కథ పోయిన వారం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి చదువుతుంటే వేపచెట్టు కింద నులక మంచం, ఆవకాయ కలిపిన బేసిన్‌లో ఆఖరున వేడన్నం కలిపి పెట్టిన ముద్దలు, ఆరుబయట పడుకుని లెక్కపెట్టిన చుక్కలు నన్నూ మా అమ్మమ్మ ఇంటికి తీసుకుపోయాయి. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. ఈ ఉత్తరం ఆ రెండో చదువు గురించి.

"వేసవి సెలవుల కథలు అందరూ రాసేశారు కదా, నావి ఎవరు చదువుతారు?" అని అడిగావు. ఆ టెన్షన్ పెట్టుకోకు. అమ్మమ్మ ఊరికి వెళ్లిన ప్రతి పిల్లా వేరే ఇంటికి వెళ్లింది, వేరే వంటింట్లో తిన్నది. నాకు కనిపించిన లోటు ఇంకొకటి. నీ కథలో సెలవులకు వచ్చిన పిలకాయలు పదకొండు మంది ఉన్నారు. ఎవరు చెట్టెక్కారో, ఎవరు ఏడ్చారో, ఎవరికి వడదెబ్బ తగిలిందో అంతా తెలిసింది. ఆ ఇంట్లో ఏడాది పొడుగునా ఉండేవాళ్ల సంగతి మాత్రం ఏమీ తెలియలేదు. మీ అత్తయ్య కథలో నాలుగు చోట్ల వస్తుంది. నాలుగు చోట్లా నవ్వుతూ వడ్డిస్తుంది. ఒక్క మాటా మాట్లాడదు.

దీని దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు చేపల సంగతి.

నీ కథ జరిగేది 2016 మే నెలలో. మామయ్య తెల్లవారుజామునే సముద్రం ఒడ్డుకు పోయి, అప్పుడే వచ్చిన మరబోటు దగ్గర వంజరం కొనుక్కొచ్చాడని రాశావు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకూ ఇంజను పడవలకూ వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. మొదట్లో 47 రోజులే ఉండేది, 2015లో 61 చేశారు. తప్పు పట్టుకోవాలని చెప్పడం లేదమ్మా. ఇక్కడే నీకు ఇంకో కథ దొరుకుతుందని చెబుతున్నాను. నీ మూడో పేజీలోనే పిల్లలంతా ఒడ్డున వరసగా ఆపిన పడవల చాటున దాగుడుమూతలు ఆడారు. అన్ని పడవలూ ఒక్కసారే ఒడ్డుకెక్కి ఎందుకున్నాయి? పదేళ్ల పిల్లకు అవి తన ఆట కోసమే ఉన్నట్టుంటుంది. చేపలు పట్టి బతికే పట్టపుపాలెంలో వాళ్లకు అది సంపాదన లేని రెండు నెలలు. ఆ పడవల నీడన కూర్చుని వలలు బాగుచేసుకునేవాళ్లు నీకు కనపడే ఉంటారు. వాళ్లను పెట్టు. నిషేధం గురించి ఒక్క ముక్క కూడా చెప్పకు, పదేళ్ల పిల్లకు అది తెలియదు. పగటి పూట అంతమంది మగవాళ్లు ఇంటిపట్టున ఉండటం ఆ పిల్లకు వింతగా తోచిందని రాస్తే చాలు.

మరి ఆ రోజు పులుసులో చేప ఎక్కడిది? మీ అమ్మను అడుగు. ఎండలకు చెరువు అడుగంటినప్పుడు చేపలు పట్టేస్తారు, కొర్రమీను అయ్యుంటుంది. పుల్ల మామిడి ముక్కలు వేశారని రాశావు, అది కళ్లారా చూసిన మనిషి రాసే మాట. కానీ పులుసు పొయ్యి మీద నుంచి దిగగానే నీ కథ పక్కకు పోయింది. మన వైపు చేపల పులుసు వండిన పూట కంటే మర్నాడు పొద్దున దోసెల్లోకి బాగుంటుంది కదా. ఆ మర్నాటి పొద్దున ఏమైంది? పదకొండు మంది పిల్లలకు ఎన్ని దోసెలు పోశారు, ఎవరు పోశారు, ఆఖరి దోసె వేళకు పులుసులో ముక్క మిగిలిందా?

ఇంకొక సంగతి. నీ కథలోని ఉలవపాడును నెల్లూరు జిల్లా అని రాశావు. 2022 నుంచి 2025 చివరి దాకా అది నిజం, ఆ తర్వాత మళ్లీ ప్రకాశంలో కలిపారు. నీ కథ జరిగిన 2016లో అది ప్రకాశం జిల్లా. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కందుకూరుతో పాటు నెల్లూరులో కలిసింది. 1970కి ముందు కూడా అది నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ ఏడు నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి తాలూకాలు తీసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. మా అమ్మమ్మ ఊరు కూడా ఆ చుట్టుపక్కలే. ఊరు అంగుళం కదల్లేదు, పోస్టు కార్డు మీద రాసే జిల్లా పేరు మాత్రం మారుతూనే ఉంది. అమ్మమ్మ మాత్రం ఒంగోలు జిల్లా వచ్చాక కూడా ఎవరైనా అడిగితే "మాది నెల్లూరు జిల్లా" అనే చెప్పేది. ఇలాంటివి కథలో వివరించనక్కర్లేదు. నువ్వు ఏ సంవత్సరంలో నిలబడి రాస్తున్నావో నీకు తెలిసుంటే, మీ అమ్మమ్మ నోట ఏ మాట వస్తుందో అదే తెలుస్తుంది.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. ఎందుకు చెబుతున్నానో చదివితే నీకే అర్థమవుతుంది.

1967 వేసవి. నాకు తొమ్మిదేళ్లు. నెల్లూరులో ప్యాసింజరు ఎక్కితే బిట్రగుంటలో ఇంజను చాలాసేపు ఆగేది. బొగ్గు నలుసు కంట్లో పడిందని నేను ఏడుస్తుంటే అమ్మ పైట కొంగు ఉండ చేసి నోటితో ఆవిరి ఊది కంటికి అద్దేది. ఉలవపాడులో దిగితే తాత ఎద్దుల బండి కట్టించుకుని వచ్చి ఉండేవాడు. తాతకు మామిడి తోట ఉండేది. బంగినపల్లి ఎక్కువ, గట్టు వెంబడి నాటుచెట్లు. ఇప్పుడు హైవే పక్కన బుట్టల్లో పేర్చి అమ్మే ఉలవపాడు మామిడి అంటే నాకు ఆ తోటే కళ్లలో మెదులుతుంది.

ఒక మధ్యాహ్నం పెద్దవాళ్లు కునుకు తీస్తుంటే ఆరుగురు పిల్లలం తోటలోకి దూరాం. నా గౌను నిండా కాయలు. కాపలా మనిషి కేకేసుకుంటూ వచ్చాడు. "ఇది మా తాత తోట" అన్నాను గట్టిగా. అతను ఏమీ అనకుండా నా రెక్క పట్టుకుని ఇంటిదాకా నడిపించుకొచ్చాడు. వసారాలో పడుకున్న తాత లేచి నిలబడ్డాడు. "పిలకాయలు, తెలీక కోసుంటారు. కాయలు లెక్కేసుకో అబ్బయ్యా, డబ్బులిస్తా" అన్నాడు. మమ్మల్ని కొట్టలేదు, తిట్టలేదు. ఆ రాత్రి తాత అన్నం తినలేదు.

ఇరవై అయిదేళ్ల వయసులో దాన్ని నవ్వించే కథగా రాశాను. తన మనవరాలు తన తోటలోనే దొంగగా దొరికిపోతే తాత డబ్బులు కట్టడం. అచ్చయింది. ఇంట్లో అందరూ నవ్వారు. అమ్మమ్మకు చదివి వినిపించాను. ఆవిడ చాటలో బియ్యం ఏరుతూ విన్నది. అంతా అయ్యాక, "ఆ ఏడు తోట మనది కాదు గదమ్మా" అంది. మా చిన్న పిన్ని పెళ్లికి మూడేళ్ల కాపు ముందే గుత్తకు ఇచ్చేశారట. గుత్త సంగతి నీకు తెలుసో లేదో. మామూలుగా పూత మీద ఉన్నప్పుడు వ్యాపారి చెట్లు చూసి బేరం చేసి డబ్బిస్తాడు. అక్కడి నుంచి కాపలా అతనిది, కోత అతనిది, రాలిన కాయ కూడా అతనిదే. బాగా అవసరం పడినవాళ్లు రాబోయే ఏళ్ల కాపు కూడా ఇచ్చి డబ్బు తీసుకుంటారు. తాత ఆ మూడేళ్లూ తోటలో అడుగు పెట్టలేదని అమ్మమ్మ చెప్పింది. నీళ్ల కోసం పోవాల్సి వచ్చినా చుట్టు తిరిగి పోయేవాడట.

నేను రాసిందాంట్లో అబద్ధం లేదు. ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో జరిగిన అసలు సంగతి లేదు, అంతే. ఆ కథను మళ్లీ రాశాను. గుత్త అనే మాట రెండోసారి కూడా రానివ్వలేదు, తొమ్మిదేళ్ల పిల్లకు అది తెలియదు కాబట్టి. మార్చింది ఒక్కటే. కాపలా మనిషి గుమ్మంలోకి రాగానే తాత భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. మొదటిసారి రాసినప్పుడు ఆ తువ్వాలు లేదు. తొమ్మిదేళ్లప్పుడు చూశాను, గుర్తుంది కూడా. దాని అర్థం తెలియక వదిలేశాను. అమ్మమ్మ చెప్పాక అదే కథ అయింది.

అందుకే నీ కథలో నేను పెన్సిల్‌తో గట్టిగా గీత గీసింది ఒక్క వాక్యం కింద. "ఆ రోజు మామయ్య మధ్యాహ్నమే ఇంటికొచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడు." ఎంత మంచి వాక్యం! తర్వాతి వాక్యంలోనే మీరంతా ముంజలు తినడానికి పరుగెత్తారు. మీ మామయ్య పొగాకు వేసేవాడని, పొగాకు ఆకు కాల్చే బ్యారన్ ఖాళీగా ఉంటే అందులో ఆడుకున్నామని ముందు పేజీలో నువ్వే రాశావు. మే నెలలో పొగాకు వేలం నడుస్తుంటుంది. కందుకూరులో వేలం కేంద్రం ఉంది. రైతు బేళ్లు వేసుకుని తెల్లారకముందే పోతాడు. కొనేవాళ్లు పాడకపోతే ఆ బేలు మీద నో బిడ్ అని పడుతుంది, బండి కిరాయి పెట్టుకుని వెనక్కి తెచ్చుకోవాలి. ఆ రోజు అదే జరిగిందో, ఇంకేదో నాకు తెలియదు. నీకూ తెలియదు. మామయ్యకు తెలుసు.

అడిగితే చెబుతారా అంటావేమో. చాలామంది ఎవరైనా అడుగుతారా అని చూస్తుంటారు. కానీ చెప్పిందంతా నీది అయిపోదు. మామయ్య అప్పు సంగతి చెబితే, ఆయన సరేనంటేనే రాయి. పేర్లు మార్చినా ఊళ్లోవాళ్లు గుర్తుపడతారు, ముఖ్యంగా మన వైపు పల్లెల్లో ఏ ఇంటి చెట్టు ఏదో అందరికీ తెలుసు. నా రెండో కథ అచ్చుకు పంపేముందు పిన్నికి చదివి వినిపించాను. ఆవిడ పెళ్లి కోసమే కదా తోట పోయింది. ఒక్క వాక్యం తీసెయ్యమంది. కథలో నాకు బాగా నచ్చిన వాక్యం అది. తీసేశాను. ఇక్కడ కూడా రాయను.

భాష గురించి రెండు మాటలు. మీ అమ్మమ్మ చేత "పిల్లలూ, ఎండలో ఆడవద్దు" అనిపించావు. ఆవిడ అలా అనదు. "పిలకాయలూ, ఎండన పడి యాడికి పోతుండారు?" అంటుంది. ఆ మాటలు అలాగే ఉంచు. అయితే మన యాసను నవ్వు పుట్టించడానికి సాగదీసే పని మాత్రం పెట్టుకోకు. ఆవిడ ఆ మాటల్లోనే పెళ్లిళ్లు కుదిర్చింది, బిడ్డల్ని సాగనంపింది. కథ చివర "ఆ రోజులే వేరు, కల్మషం లేని మనుషులు" అన్న పేరా మొత్తం కొట్టేయి. గోడ వైపు తిరిగి పడుకున్న మామయ్య ఉన్న ఇంటి గురించి ఆ మాట అనకూడదు.

ఇక అత్తయ్య.

పదకొండు మంది పిల్లలు, మీ అమ్మ, ఇద్దరు పిన్నులు, ఇంట్లోవాళ్లు. నలభై రోజులు. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చేవి, ఎన్ని బిందెలు? రాత్రి అందరూ ఆరుబయట పడుకుని చుక్కలు లెక్కపెడుతుంటే ఆవిడ ఎక్కడుంది? మర్నాటి పిండి రుబ్బుకుంటుందా? ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చేది మేలోనే. ఆవిడది కూడా ఎక్కడో ఒక పుట్టిల్లు కదా, పొదిలి అని నువ్వే ఒక చోట రాశావు. పొదిలికి ఆవిడ ఎప్పుడు పోయేది? ఆవిడ పిల్లలకు అమ్మమ్మ ఊరు ఎప్పుడు దక్కింది? ఈ ప్రశ్నలు నీ కథలో లేకపోవడం నీ తప్పు కాదు, పదేళ్ల పిల్లకు అన్నం దానంతట అదే వస్తుంది. కానీ ఇప్పుడు నీకు ఇరవై ఏళ్లు. ఆ పిల్ల కళ్లు పెట్టుకో, ఈ వయసు ప్రశ్నలు వేసుకో.

మా అత్తను నేను చాలా ఆలస్యంగా అడిగాను. అప్పటికి ఆవిడకు డెబ్బై దాటాయి, మోకాళ్లు పట్టేసి మంచం దిగడం కష్టంగా ఉండేది. "మేం వెళ్లిపోయిన రోజు నువ్వేం చేసేదానివి అత్తా?" అన్నాను. హాయిగా పడుకునేదాన్ని అంటుందనుకున్నాను. కాసేపు ఆలోచించి, "మిమ్మల్ని బండెక్కించి వచ్చి పొయ్యి ముట్టించేదాన్ని. చెయ్యి అలవాటున మీ లెక్కకే బియ్యం పోసేసేది. ప్రతి ఏడూ అంతే. వండినాక చూసుకుంటే తపేళా నిండా అన్నం. మూడు రోజులు ఆ సద్దన్నమే తినేవాళ్లం" అంది.

అది నేనింకా రాయలేదు. రాయడానికి ఆవిడ దగ్గర ఇంకా చాలా అడగాల్సింది, అడిగేలోపే పోయింది.

మీ అత్తయ్య ఉంది. ఈ నెలలో వడియాలు పెడుతుంటుంది. మేడ మీద ఎండ ఎక్కకముందే పక్కన కూర్చుని పిండి అందిస్తూ అడుగు. కాగితం, ఫోన్ కింద పెట్టేసి వెళ్లు. జూన్‌లో బడులు తెరిచేలోపు వెళ్లి రా. తిరిగొచ్చాక కథ మళ్లీ పంపు, మూడోసారి చదువుతాను.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ వరస