జెట్ మార్చే ముందు గాలి సంగతి తేల్చుకో

చిరంజీవికి ఆశీస్సులు.

పాత టూ స్ట్రోక్ బండిని మళ్లీ రోడ్డెక్కించావని, అసలు ఎయిర్ బాక్సు తీసేసి గాలినీ పెట్రోలునూ కలిపే కార్బురేటర్ మూతికే కోన్ ఫిల్టర్ బిగించావని, అప్పటి నుంచి సగం థ్రాటిల్ దగ్గర బండి అందుకోవడం లేదని రాశావు. ఏ నంబరు మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే ప్రధాన రంధ్రం) వేయాలని అడిగావు. ఆ నంబరు నేను చెప్పను. సగం థ్రాటిల్ దగ్గరి జబ్బు చాలావరకు నీడిల్‌ది (థ్రాటిల్‌తోపాటు లేచి పెట్రోలు దారిని తెరిచే సూదిది), మెయిన్ జెట్‌ది కాదు. అంతకంటే ముందు, ఇంజన్‌లోకి గాలి ఎంత వెళుతోందో, ఏ దారిన వెళుతోందో తేలకుండా ఏ జెట్ మార్చినా అది గుడ్డిగా చేసే పనే అవుతుంది.

ఈ ఇంజన్లలో పిస్టన్‌కూ బేరింగులకూ నూనె పెట్రోలుతోపాటే అందుతుంది కాబట్టి, గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం పలచబడితే, అంటే అందులో పెట్రోలు పాలు తగ్గితే, వేడి పెరగడమే కాక నూనె కూడా తగ్గి, చివరకు పిస్టన్ పట్టేస్తుంది. చిక్కని మిశ్రమం ప్లగ్గును నల్లబరిచి, పొగ ఎక్కువ చేసి విసిగిస్తుందే తప్ప ఇంజన్‌ను చంపదు. అందువల్ల ఎప్పుడూ రిచ్ (చిక్కని) వైపు నుంచి మొదలుపెట్టి, ఒక్కో మెట్టు కిందికి రావాలి.

మొదట దొంగగాలిని, అంటే కార్బురేటర్‌ను తప్పించుకుని లీకుల గుండా దూరే గాలిని, వెతుకు. ఏళ్ల తరబడి నిలిచిన బండిలో క్రాంక్ ఆయిల్ సీళ్లు గట్టిపడతాయి, ఇన్‌టేక్ రబ్బరు బీటలు వారుతుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ దారులు మూసి సుమారు 6 పీఎస్ఐ ఒత్తిడి ఎక్కించి, కొన్ని నిమిషాలపాటు అది నిలుస్తోందా లేదా చూడాలి; నిలవకపోతే సబ్బునీళ్లు రాసి బుడగ ఎక్కడ లేస్తోందో పట్టుకోవాలి. థ్రాటిల్ మూసినా ఐడిలింగ్ వెంటనే దిగకుండా పైనే వేలాడుతుంటే ఈ లీకునే ముందుగా అనుమానించు. అదే సమయంలో ఫ్లోట్ (కార్బురేటర్ గిన్నెలో తేలుతూ పెట్రోలు మట్టాన్ని నిలిపేది) ఎత్తు కూడా సరిచూసుకో.

ఇక ఫిల్టర్ విషయం. కోన్ ఫిల్టర్లంటే నాకు పెద్ద గౌరవం లేదు. ఎయిర్ బాక్సును చాలామంది ఊరికే ఉన్న డబ్బా అనుకుంటారు కానీ, అది కార్బురేటర్‌కు కుదురైన గాలిని అందిస్తుంది, ముందున్న గొట్టంతో ఆ గాలిని కొలతలో ఉంచుతుంది, తయారీదారు జెట్లన్నీ ఆ కొలతను బట్టే ఎంచుకుంటాడు. దాన్ని తీసేస్తే మిశ్రమం పలచబడుతుంది, పైగా పక్కగాలికీ వానకీ బండి తీరు మారిపోతుంది. పేపర్ ఫిల్టర్ కార్బురేటర్ మూతికి దగ్గరగా ఉంటే మరో చిక్కు. టూ స్ట్రోక్, ముఖ్యంగా రీడ్ వాల్వ్ (గాలిని వెనక్కి పోనివ్వని పలచటి రేకు) లేకుండా పిస్టనే గాలి దారిని తెరిచి మూసే పిస్టన్ పోర్ట్ ఇంజన్, నూనె కలిసిన పెట్రోలు తుంపరను వెనక్కి ఉమ్ముతుంది; అది కాగితంలో ఇంకిపోయి గాలిని అడ్డుకుంటుంది, ఆ కాగితాన్ని కడగనూ లేము. అందుకే నా మొగ్గు అసలు బాక్సులో నూనె పట్టించిన ఫోమ్ వైపే. పాత ఫోమ్‌ను రెండు వేళ్ల మధ్య నలిపి చూడు. పొడిగా రాలితే అదే పొడి రేపు సిలిండర్‌లోకి పోతుంది, దాన్ని పారవేయి. కొత్తదాన్ని పెట్రోలుతో కడిగితే అతుకుల జిగురు ఊడిపోవచ్చు కాబట్టి కిరోసిన్‌తో, ఆ తరువాత సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి, మెలిపెట్టకుండా అరచేతుల మధ్య నొక్కి పిండు. అంచుకు పలచగా గ్రీజు రాస్తే దుమ్ము పక్కదారి పట్టదు.

గాలి స్థిరపడ్డాక జెట్లకు రా. ముందుగా థ్రాటిల్ పిడిమీద ఒక గీత, దాని ఎదురుగా స్విచ్ డబ్బా మీద మూసిన స్థానానికీ, పావుకూ, సగానికీ, ముప్పావుకూ, పూర్తికీ గీతలు పెట్టుకో. లేకపోతే నువ్వు సగం అనుకునేది తరచుగా పావే అవుతుంది. ఏ స్థానంలో ఏ భాగం ముఖ్యమో చెబుతాను. మూసిన స్థానం నుంచి కొద్దిగా తెరిచేదాకా పైలట్ జెట్ (ఐడిలింగ్‌కు పెట్రోలిచ్చే చిన్న జెట్), ఎయిర్ స్క్రూ (దానికి గాలి సర్దే మర). పావు దాకా స్లైడ్ కటవే (థ్రాటిల్‌తో లేచే స్లైడ్ అడుగున కోసిన వాలు). పావు నుంచి ముప్పావు దాకా నీడిల్, అది దూరే నీడిల్ జెట్. ఆపైన మెయిన్ జెట్. వీటి హద్దులు ఒకదానిలోకి ఒకటి కలిసే ఉంటాయి. నీడిల్ దగ్గర కొలతపడే పెట్రోలు కూడా మెయిన్ జెట్ గుండానే రావాలి కాబట్టి, నేను మెయిన్‌తో మొదలుపెట్టి కిందికి వస్తాను.

ఇంజన్ వేడెక్కాక కొత్త ప్లగ్గు వేసి, ఖాళీ రోడ్డు మీద పై గేరులో పూర్తి థ్రాటిల్‌తో కొంత దూరం నడిపి, క్లచ్ పట్టడం, ఇగ్నిషన్ ఆపడం ఒకేసారి చేయి, ఐడిలింగ్‌లో నడవనివ్వకు. ప్లగ్గు కొన రంగు చూసి మోసపోవద్దు. లోపల, పింగాణీ మొదట్లో, లేత గోధుమ రంగు వలయం కనపడాలి. అక్కడ తెల్లగా ఉంటే వెంటనే పెద్ద జెట్ వేయి.

నీడిల్ పైకొన గాళ్లలో పట్టి ఉండే క్లిప్పును ఒక గాడి కిందికి దింపితే నీడిల్ పైకి లేచి మిశ్రమం చిక్కబడుతుంది. నీ బండి సగం దగ్గర తడబడేటప్పుడు చోక్‌ను కొద్దిగా వేసి, అంటే పెట్రోలు పాలు పెంచి, చూడు. అందుకుంటే లీన్ (పలచన), ఇంకా గుడగుడలాడితే రిచ్. ఐడిలింగ్ మిశ్రమాన్ని సర్దే స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటే అది ఎయిర్ స్క్రూ, విప్పేకొద్దీ మిశ్రమం పలచబడుతుంది. ఇంజన్ వైపు ఉంటే సాధారణంగా అందుకు విరుద్ధం. ఎయిర్ స్క్రూ ఒక చుట్టు కూడా విప్పకముందే ఐడిలింగ్ బాగుంటే పైలట్ జెట్ చిన్నదైందనీ, రెండున్నర చుట్లు దాటాల్సి వస్తే పెద్దదైందనీ అర్థం.

జెట్ నంబర్లను ఒక కార్బురేటర్ కంపెనీ నుంచి మరో కంపెనీకి మార్చి లెక్కవేయకు. అమాల్ నంబరు పెట్రోలు ప్రవాహాన్ని బట్టి, డెలోర్టో నంబరు రంధ్రం వ్యాసాన్ని బట్టి ఉంటాయి. మికునిలోనే హెక్స్ రకం, రౌండ్ రకం ఒకదానికొకటి సరితూగవు. తీగతో పొడిచి జెట్ రంధ్రాన్ని పెద్దది చేయడం అసలే వద్దు.

చల్లని గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి చలికాలంలో పెద్ద జెట్, గాలి పలచగా ఉండే ఎత్తైన చోట్ల చిన్న జెట్ అవసరం కావచ్చు. మరొకటి చాలామంది మరిచిపోతారు: లీటరుకు 25 మిల్లీలీటర్ల నూనెను 50 చేస్తే, అదే జెట్ గుండా వెళ్లే పెట్రోలు తగ్గి మిశ్రమం పలచబడుతుంది. కాబట్టి నూనె పాళ్లు ముందే ఖాయం చేసుకుని, జెట్లు కుదిరేదాకా వాటి జోలికి పోవద్దు.

మళ్లీ రాసేటప్పుడు స్లైడ్ మీది కటవే నంబరు, క్లిప్ పైనుంచి ఎన్నో గాడిలో ఉందో, నూనె ఎన్ని పాళ్లు కలుపుతున్నావో రాయి. ప్లగ్గు ఫొటో పంపితే దాని పింగాణీ మొదలు కనపడేలా పంపు.

ఇట్లు,
నీ పెదనాన్న