ఆన్‌లైన్‌లో పెట్టే గెస్ట్ రిసైటల్స్ వల్ల మ్యూజిక్ స్టూడెంట్స్‌కి నిజంగా ఏమైనా ఒరుగుతుందా?

ఒరుగుతుందండీ. హాల్లో టికెట్ కొనుక్కుని కూర్చున్నా దొరకనివి కొన్ని దొరుకుతాయి. కాకపోతే కచేరీ విన్నాం అనుకుంటే మాత్రం మనల్ని మనం మోసం చేసుకున్నట్టే, అది పాఠం, కచేరీ కాదు. కింద ఒకాయన "యూట్యూబ్ ఉండగా ఇదెందుకు" అని రాశారు, ఆయన కోసమే ఇంత పొడుగు రాస్తున్నా.

మా అబ్బాయి ఇక్కడ టెక్సాస్‌లో యూనివర్సిటీలో మ్యూజిక్ ఎడ్యుకేషన్ చేశాడు, వాయిద్యం బేస్ ట్రాంబోన్, అంటే వాల్వ్‌లతో పాటు ముందుకీ వెనక్కీ జారే గొట్టం (స్లైడ్) ఉండే, కింది స్వరాలు పలికే పెద్ద ఇత్తడి బాకా. అవును, కంప్యూటర్ సైన్స్ కాదు. ఇక్కడ పిల్లలు ఆరో క్లాసులోనే స్కూల్ బ్యాండ్‌లో చేరతారు, చాలామంది హైస్కూల్‌తో ఆపేస్తారు, మావాడు ఆపలేదు. "పెళ్ళి బ్యాండులో బాకా ఊదడానికి అంత ఫీజు కట్టాలా వదినా" అని మా ఆడపడుచు ఫోన్లో అడిగింది, ఇప్పటికీ సందు దొరికితే అడుగుతూనే ఉంటుంది. అదే వాళ్ళబ్బాయి మూడేళ్ళుగా ఏ ఉద్యోగం లేకుండా "కోర్సులు" చేస్తుంటే ఎవరూ ఏమీ అనకూడదు. సరే, అది వేరే కథ.

2021లో క్లాసులన్నీ ఇంట్లోంచే కదా. డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఒక పెద్ద ఆర్కెస్ట్రాలో బేస్ ట్రాంబోన్ వాయించే ఆయన్ని గెస్ట్‌గా పిలిచారు, ఆయన తన ఇంట్లో పుస్తకాల గదిలో నిలబడి వాయించాలి, పిల్లలంతా ఎవరిళ్ళలో వాళ్ళు చూడాలి. మావాడు డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటే నేనూ పక్కన చేరాను. చిన్నప్పుడు విజయవాడలో వర్ణాల దాకా వీణ నేర్చుకున్నదాన్ని, ఆ మాత్రం కుతూహలం ఉంటుంది. పైగా వీణకి 24 మెట్లున్నాయి, ఈ ట్రాంబోన్ స్లైడ్‌కి ఒక్క మెట్టూ లేదు, ఏడు పొజిషన్లు అంటారు గానీ వాటికి గీతలేమీ ఉండవు, చెవిని నమ్ముకుని చెయ్యి ఆపాల్సిందే. మావాడు గంటలు గంటలు అపస్వరాలు సాధన చేసిన ఇల్లు మాది, నాకు తెలీదా.

మొదలెట్టగానే ఏమైందంటే, ఆయన కింది స్థాయిలో ఒక స్వరం పొడుగ్గా పట్టాడు, మాకు గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఈ వీడియో కాల్ యాప్స్ మనుషుల మాటల కోసం చేసినవి, ఒకే శ్రుతిలో ఆగకుండా మోగేది ఏదైనా వాటి లెక్కలో ఫ్యాన్ చప్పుడే, తుడిచేస్తాయి. ఇది మన తెలుగువాళ్ళకి కొత్తేం కాదు. కొవిడ్‌కి చాలా ముందు నుంచే ఇక్కడి పిల్లలు ఇండియాలో ఉన్న టీచర్ల దగ్గర ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నారు, ఇటు తంబురా యాప్ పెట్టి పాడుతుంటే అటు టీచర్‌గారికి తంబురా వినపడదు, "శ్రుతి పెట్టుకోలేదేమ్మా" అని ఆవిడ తిట్టడం, "పెట్టానండీ" అని పిల్ల ఏడవడం. సెట్టింగ్స్‌లో ఒరిజినల్ సౌండ్ ఆన్ చేస్తే ఆ తుడిచే పని ఆగుతుంది. పాపం ఆయనకి తెలుసు, వేరే మైకు కూడా పెట్టుకున్నాడు, మధ్యలో హోస్ట్ ఏదో మార్చేశాడట. అది సరిచేయడానికి పట్టిన టైమ్ కంటే, ముందు ఆయన బయోడేటా చదవడానికి పట్టిన టైమే ఎక్కువ. ఎక్కడ చదివాడు, ఎవరి దగ్గర చదివాడు, ఏ ఏ దేశాలు తిరిగాడు, ఎవడిక్కావాలండీ ఇవన్నీ, వాయించనివ్వండి.

సౌండ్ వచ్చాక కూడా లాప్‌టాప్‌లో అది ఈగ మోతలాగే ఉంది. కింది బి ఫ్లాట్ అనే స్వరం 58 హెర్ట్జ్ చిల్లర, అంత చిన్న స్పీకర్ దాన్ని పలికించలేదు. దాంతో పాటే మోగే సన్నటి పై స్వరాలు పట్టుకుని మన చెవి ఫలానా స్వరం అని పోల్చుకుంటుంది, అంతే, గుండెకి తగిలేది ఏమీ ఉండదు. వెంటనే మావాడు పెద్ద హెడ్‌ఫోన్స్ తెచ్చుకున్నాడు, నన్ను ఒక చెవి వరకు రానిచ్చాడు. అప్పుడు తెలిసింది తేడా.

ముందు బాఖ్ చెల్లో (వయొలిన్ లాంటిదే, పెద్దది) కోసం రాసిన సూట్లలో ఒక ముక్క. చెల్లో వాళ్ళకి ఊపిరితో పని లేదు, ఈయనకి ఉంది, బేస్ ట్రాంబోన్‌కి గాలి కూడా మామూలు ట్రాంబోన్ కంటే ఎక్కువ కావాలి. అంత పొడుగు వాక్యాల్లో ఎక్కడ ఊపిరి తీసుకుంటాడు అన్నదే అసలు పాఠం. హాల్లో అయితే ఆ ఊపిరి వినపడదు. ఇక్కడ మైకు నోటి దగ్గరే ఉండేసరికి ప్రతి పీల్పూ వినపడింది, మావాడు తన కాగితం మీద పెన్సిల్‌తో కామాలు పెట్టుకుంటూ పోయాడు, తను పెట్టుకున్న చోట్లు సగం కొట్టేశాడు. పియానోతో వాయించినవి మాత్రం ముందే రికార్డు చేసిన ట్రాక్ చెవిలో పెట్టుకుని వాయించాడు, ఎందుకంటే నెట్‌లో ఇద్దరు కలిసి వాయించడం కుదరదు, ఆలస్యం. మన టీచర్లు కూడా అందుకే కదా "నేను పాడాక నువ్వు పాడు" అనేది.

అసలు సంగతి ప్రశ్నల టైమ్‌లో జరిగింది. ఎవరో అమ్మాయి హంగేరీ స్వరకర్త బార్టోక్ గురించి అడిగింది. ఆయన 1943లో రాసిన కన్చెర్టో ఫర్ ఆర్కెస్ట్రాలో, నాలుగో మూవ్‌మెంట్‌లో, బేస్ ట్రాంబోన్‌కి ఒక గ్లిసాండో ఉంది, కింది బి నాచురల్ నుంచి ఎఫ్ దాకా ఒకే జారుడు. ఉద్యోగాల ఆడిషన్లకి తయారయ్యే వాళ్ళందరికీ ఇది పీడకల. ఎందుకంటే ఎఫ్ వాల్వ్ (గాలి దారిని పొడుగు చేసి స్వరాన్ని కిందికి దించే మీట) నొక్కి స్లైడ్ మొత్తం బయటికి తోసినా సి దగ్గరే ఆగిపోతుంది, బి కి ఇంక స్లైడ్ మిగలదు. రెండో వాల్వ్ కూడా కలిపితే బి వస్తుంది, కానీ అలాగే జారుకుంటూ పోతే డి దగ్గర ఆగిపోతుంది, ఎఫ్ రాదు. రెంటికీ మధ్యలో ఇరుక్కున్నట్టు.

ఆయన ఏం చేశాడంటే, కుర్చీ ముందుకి లాక్కుని కెమెరాని ఎడం చేతికి దగ్గరగా తిప్పాడు. బొటనవేలు ఒక వాల్వ్ మీద, మధ్యవేలు ఇంకోదాని మీద. రెండూ నొక్కి బి పట్టాడు. పట్టీ పట్టగానే మధ్యవేలు వదిలేశాడు, శబ్దం తెగలేదు, అక్కణ్ణుంచి బొటనవేలు మీదే ఎఫ్ దాకా లాగేశాడు. వినేవాడికి ఒకటే జారుడు. మళ్ళీ నెమ్మదిగా చేసి చూపించాడు, అప్పుడు అతుకు వినపడింది, "స్పీడ్‌గా చేస్తే వినపడదు, కండక్టర్‌కి కూడా" అని నవ్వాడు. మావాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఏడాది పైగా ఆ చోట వాడు పడ్డ పాట్లు నేను వంటింట్లోంచి విన్నాను.

ఇప్పుడు చెప్పండి, హాల్లో పదో వరసలో కూర్చుంటే ఆ మధ్యవేలు కనపడుతుందా? బెల్ (ట్రాంబోన్ వెడల్పు మూతి) అడ్డం, మొహం అడ్డం, ముందు వరసలో ఎవరిదో తల అడ్డం. యూట్యూబ్‌లో బార్టోక్ వెయ్యి ఉంటాయి, కెమెరా ఎప్పుడూ కండక్టర్ జుట్టు మీదే, ట్రాంబోన్ల వైపు తిరిగేది వాళ్ళు ఖాళీగా కూర్చున్నప్పుడే. పైగా యూట్యూబ్‌ని "ఇంకోసారి చూపించండి సార్" అని అడగలేరు.

కాబట్టి మీ కాలేజీ వాళ్ళు ఇలాంటిది పెడుతుంటే వెళ్ళండి, హెడ్‌ఫోన్స్ తప్పనిసరి, వాయిద్యం చేతిలో పెట్టుకుని కూర్చోండి, మైకు మాత్రం మ్యూట్‌లో. చప్పట్లు ఉండవు, నిప్పు బొమ్మలు, చేతుల బొమ్మలు వస్తాయి చాట్‌లో, అదొక దరిద్రం, అంతసేపు ఊపిరి బిగబట్టి వాయించిన మనిషికి చివర్లో నిశ్శబ్దం. మా ఇంట్లో మేమిద్దరం నిజంగానే కొట్టాం, ఆయనకి వినపడదని తెలిసీ.

రికార్డింగ్ లింకు మాత్రం వారంలోపే తీసేశారు. మావాడు మెయిల్ పెడితే కాపీరైట్ అని జవాబొచ్చింది. బార్టోక్‌కి అంటే సరే అనుకుందాం. 1750లో పోయిన బాఖ్‌కి ఏం కాపీరైటండీ? ఆ ముక్కైనా ఉంచొచ్చు కదా.