కొత్త ఆకు వచ్చేదాకా ఆగు

చిన్నా,

నువ్వు పంపిన నాలుగు ఫోటోలూ చూశాను. ఒకటి చూసి నవ్వొచ్చింది, ఒకటి చూసి కంగారు పడ్డాను. మిగతా రెండింటి గురించి చాలా చెప్పాలి, అందుకే ఫోన్లో కాకుండా ఇలా రాస్తున్నాను. "ఆకులన్నీ కరిగిపోతున్నాయి పెద్దమ్మా, పీకేయనా?" అని అడిగావు కదా. పీకకు. ఇది పూర్తిగా చదివాకే నీ చేపల ట్యాంకులో చెయ్యి పెట్టు.

కరిగిపోతున్నది క్రిప్టోకొరైన్ అనే నీటి మొక్క, పొట్టిగా క్రిప్ట్ అంటారు. చోటు మారినా, నీళ్లు మారినా, వెలుతురు ఒక్కసారిగా పెరిగినా దానికి అలక వస్తుంది. వారం తిరక్కుండానే ఆకులు గాజు కాగితంలా పలచబడి, ముట్టుకుంటే జిగురుగా ఊడి వస్తాయి. నా మొదటి క్రిప్ట్‌కి ఇలాగే అయితే, చచ్చిపోయిందనుకుని మొక్కంతా లాగి చెత్తబుట్టలో వేశాను. లాగేటప్పుడు వేరు ముక్క ఒకటి గులకరాళ్లలో ఉండిపోయినట్టుంది. నెల దాటాక చూస్తే అదే చోట గోధుమ రంగులో చిటికెన వేలి గోరంత ఆకు ఒకటి తల ఎత్తింది. అప్పుడు అర్థమైంది, నేను పారేసింది బతికున్న మొక్కనని. దాని ప్రాణం వేళ్లలో ఉంటుంది. కరిగిన ఆకుల్ని మాత్రం మొదలు దగ్గర కత్తిరించి బయట వేయి, వేళ్లను కదిలించకు.

కరిగిన ఆకుల్ని ఎందుకు వదిలేయకూడదంటే, అవి కుళ్లి నీళ్లు పాడుచేస్తాయి. ఇది పాత పాఠమే. 1850 ప్రాంతంలో రాబర్ట్ వారింగ్టన్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞుడు ఒక పాత్రలో రెండు గోల్డ్‌ఫిష్‌లనూ, వాలిస్నేరియా మొక్కల్నీ పెట్టి, చేపలూ మొక్కలూ ఒకదాన్నొకటి పోషించుకుంటాయా అని చూశాడు. మొక్కలు బాగానే ఉన్నాయి కానీ, రాలిన ఆకులు కుళ్లి నీళ్లు మురికిపట్టాయి. నత్తల్ని వదిలాక, అవి ఆ కుళ్లు తినేయడంతో నీళ్లు తేటపడ్డాయి. కాబట్టి నీ ట్యాంకులో కనబడిన రెండు చిన్న నత్తల్ని చూసి హడలిపోకు. వాటి సంఖ్య విపరీతంగా పెరిగితే నువ్వు చేపలకు మేత ఎక్కువ వేస్తున్నావని అర్థం.

ఇక అసలు సంగతి. కొన్న మొక్కల్లో చాలామటుకు నీళ్లలో పెరిగినవి కావు. పెంచేవాళ్లు వేళ్లు తడిలో, ఆకులు గాలిలో ఉండేలా పెంచుతారు. నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ కదలిక గాలిలో కంటే దాదాపు 10 వేల రెట్లు నెమ్మది. గాలిలో అయితే అది పుష్కలం, కాబట్టి మొక్క త్వరగా ఎదుగుతుంది, నాచు పట్టదు, నత్తలు రావు. అలా పెరిగిన ఆకు మందంగా, పైన మైనం పూత పూసినట్టు ఉంటుంది. నీళ్లలో ముంచితే దానికి ఊపిరి ఆడదు. మొక్క ఆ ఆకును వదిలేసి, పలచటి కొత్త ఆకును తయారు చేసుకుంటుంది. దీనికి సాధారణంగా మూడు నాలుగు వారాలు పడుతుంది. కొత్తగా పెంచేవాళ్లలో చాలామంది సరిగ్గా ఈ సమయంలోనే మందులు పోయడం, లైటు పెంచడం, మొక్కను ఇక్కడ పీకి అక్కడ పెట్టడం చేస్తారు.

అందుకే నీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. నీ నీళ్లలో పుట్టిన కొత్త ఆకు కనబడేదాకా ఆ మొక్కకు పేరు పెట్టకు, దాని ఆరోగ్యం గురించి తీర్పూ చెప్పకు. హైగ్రోఫిలా డిఫార్మిస్ అని ఒకటుంది, వాటర్ విస్టీరియా అంటారు. గాలిలో పెరిగితే దాని ఆకు నిండుగా, అంచున చిన్న గాట్లతో మామూలుగా ఉంటుంది. అదే కొమ్మను నీళ్లలో ముంచితే వచ్చే కొత్త ఆకు బంతి ఆకులా లోతుగా చీలి ఉంటుంది. రెండు ఆకుల్నీ పక్కపక్కన పెడితే ఒకే మొక్కవని ఎవరూ నమ్మరు. నీ రెండో ఫోటోలోది అదేనని నా అనుమానం. కొత్త ఆకు రానీ, తేలిపోతుంది.

నవ్వొచ్చిన ఫోటో మూడోది. నువ్వు 'నీటి వెదురు' అని మురిసిపోయి ముంచినది వెదురూ కాదు, నీటి మొక్కా కాదు. డ్రసీనా. లక్కీ బాంబూ పేరుతో అమ్మేది. నన్నూ ఒక దుకాణదారు ఇలాగే బుట్టలో వేశాడులే. ముదురు ఎరుపు ముడతల ఆకుల మొక్క ఒకటి చూపించి, ఇది నీళ్లలో ఎర్రగా కాంతులీనుతుందని చెప్పాడు. అది హెమిగ్రాఫిస్, నేల మొక్క. రెండు నెలలు నిలబడి, ఆ తర్వాత అడుగు నుంచి మెత్తబడింది. ఇవి వెంటనే చావవు, అదే మోసం. ఓఫియోపోగాన్ గడ్డి, సింగోనియం, స్పైడర్ ప్లాంట్, స్పాతిఫిల్లం ఇవన్నీ ఇదే గుంపు. డ్రసీనాను పైకి లాగి, వేళ్లు మాత్రం నీళ్లలో, ఆకులు బయట ఉండేలా నిలబెట్టు. హాయిగా బతుకుతుంది, పైపెచ్చు చేపల మలం వల్ల పేరుకునే నైట్రేట్‌ను వేళ్లతో పీల్చేస్తుంది.

గుర్తుపట్టడానికి ఒక మోటు పరీక్ష ఉంది. మొక్కను నీళ్లలోంచి ఎత్తి పట్టుకో. నీళ్లలో పెరిగిన కొమ్మ చాలాసార్లు తడిగుడ్డలా వాలిపోతుంది, ఎందుకంటే దాన్ని నిలబెట్టేది నీళ్లే. నేల మొక్క కర్రలా నిలబడే ఉంటుంది. కానీ దీన్ని పూర్తిగా నమ్మకు. గాలిలో పెంచి తెచ్చిన నీటి మొక్క కూడా నిటారుగానే ఉంటుంది, అనూబియాస్ అనే నీటి మొక్క ఆకైతే ఎక్కడ పెరిగినా అట్టలా గట్టిదే.

కంగారు పెట్టింది నాలుగో ఫోటో. అది జావా ఫెర్న్, దాన్ని మెడ దాకా ఇసుకలో పూడ్చేశావు. ఇవాళే పైకి తియ్యి. ఆకులకూ వేళ్లకూ మధ్య అడ్డంగా, అల్లం కొమ్ములా ఉన్నదే దాని కాండం. అది పూడిపోతే కుళ్లుతుంది. అనూబియాస్‌దీ ఇదే తంతు. రాయికో, మొద్దుకో నూలు దారంతో కట్టెయ్. వేళ్లు పట్టుకున్నాక దారం దానంతటదే శిథిలమవుతుంది. జావా ఫెర్న్ ఆకు వెనక నల్లటి చుక్కలు వరుసగా కనబడితే రోగం అనుకోకు, అవి సిద్ధబీజాల గుంపులు. ముదిరిన ఆకు చివర పిల్లమొక్కలు కూడా వేలాడతాయి, కాస్త వేళ్లు వచ్చాక తుంచి వేరేచోట కట్టుకోవచ్చు.

మొదలు దగ్గర గుత్తిగా ఆకులొచ్చే వాలిస్నేరియా, క్రిప్ట్, ఎకినోడోరస్ లాంటి వాటికి వేళ్లు పూడ్చు, మొవ్వు మాత్రం పైకి కనబడాలి. లోతుగా వెళ్లిపోతే పట్టకారుతో మెల్లగా కాస్త పైకి లాగు. కొమ్మ మొక్కల్ని కట్టగా తెస్తావు కదా, మొదలు దగ్గర చుట్టిన సీసం పట్టీ విప్పేసి, కింది రెండు కణుపుల ఆకులు తుంచి, ఒక్కో కొమ్మనూ విడిగా గుచ్చు. కట్టతోనే గుచ్చితే లోపలి కొమ్మలకు వెలుతురు తగలక మధ్యనుంచి కుళ్లు మొదలవుతుంది. చిన్న కుండీల్లో వచ్చినవాటి వేళ్ల చుట్టూ బూడిదరంగు దూదిలాంటిది ఉంటుంది, అది వీలైనంత తీసెయ్.

పేర్ల విషయంలో నువ్వు పడుతున్న తికమక నాకు బాగా తెలుసు. ఈకల్లాంటి ఆకులున్న నాలుగు మొక్కల్ని నేను ఏళ్ల తరబడి ఒకటే అనుకున్నాను. ఇప్పుడు తట్టలో నీళ్లు పోసి, ఒక్కో కొమ్మ వేసి, భూతద్దం పట్టుకుంటాను. వేళ్లే లేకుండా, ముట్టుకుంటే గరుకుగా, ఆకు పంగలు పంగలుగా చీలి ఉంటే సెరటోఫిల్లం, హార్న్‌వర్ట్ అంటారు. ఆకుకు చిన్న కాడ ఉండి, విసనకర్రలా విచ్చుకుని, కణుపుకు ఎదురెదురుగా రెండే ఉంటే అది కబోంబా. కబోంబాలాగే ఉంటుంది కానీ కాడ లేకుండా కణుపు చుట్టూ వలయంగా ఆకులుంటే లిమ్నోఫిలా. మధ్యలో ఈనె, దానికి రెండు వైపులా సన్నటి పోగులు, అచ్చం పక్షి ఈకలా ఉంటే మిరియోఫిల్లం. ఈ నాలుగూ చేతిలో పట్టుకుని ఒక్కసారి చూశావంటే ఇక మరిచిపోవు. ఫోటోలో చూసి మాత్రం నేనూ చెప్పలేను.

హైడ్రిల్లా సంగతి వేరు. ఎలోడియా, ఎగేరియా, హైడ్రిల్లా మూడూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. కణుపు దగ్గర ఆకులు లెక్కపెట్టు. మూడే ఉంటే చాలావరకు ఎలోడియా, నాలుగు ఆపైన ఉండి ఆకులు కాస్త పెద్దవైతే ఎగేరియా. హైడ్రిల్లాకు ఎక్కువగా ఐదు ఉంటాయి, కానీ మూడు నుంచి ఎనిమిది దాకా ఎన్నయినా ఉండొచ్చు, కాబట్టి లెక్క ఒక్కటే చాలదు. కొమ్మను కిందినుంచి పైకి రెండు వేళ్ల మధ్య లాగి చూడు. హైడ్రిల్లా అయితే చేతికి గరగరమంటుంది, అంచుల పళ్లు కంటికే కనబడతాయి. మట్టిలో చిన్న దుంపలు కూడా పెడుతుంది, ఇక పీకినా పోదు.

వాలిస్నేరియాకూ సాజిటేరియాకూ తేడా ఆకు కొసన తెలుస్తుంది. వాలిస్నేరియా కొసన సన్నటి పళ్లుంటాయి, సాజిటేరియాకు ఉండవు. వాలిస్నేరియా పూత గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఒకరోజు పొద్దున్నే ట్యాంకు పైన తెల్లటి నూకలాంటిది తేలుతుంటే దుమ్మనుకుని గరిటెతో తోడి పారబోశాను. తర్వాత తెలిసింది అవి మగపూలని. అడుగున విడిపోయి పైకి తేలి, పొడవాటి కాడ మీద నీటి అంచుకు వచ్చిన ఆడపువ్వును చేరతాయి. ఆ పని అయ్యాక ఆడపువ్వు కాడ స్ప్రింగులా చుట్టుకుని కాయను నీళ్లలోకి లాక్కుంటుంది. నా గరిటె వల్ల ఆ ఏడాది కాయలు లేవు.

లైటు విషయంలో ఆశపడకు. మొదటి నెల రోజుకు 6 గంటలు చాలు, మొక్కలు నిలదొక్కుకున్నాక 8 గంటలకు పెంచు. టైమర్ పెట్టుకో, లేకపోతే మర్చిపోయి రాత్రంతా ఉంచుతావు. లైటు పెంచితే ముందుగా పండగ చేసుకునేది నాచే. అనూబియాస్‌ను నీడలో పెట్టు, దాని ఆకు నెలల తరబడి ఉంటుంది కాబట్టి నాచు పట్టడానికి తీరిక దొరుకుతుంది.

ఎరువు వేసేముందు ఏ ఆకు పాడవుతోందో చూడు. పాత ఆకులు పసుపెక్కుతుంటే నత్రజని చాలడం లేదు, మొక్క పాతవాటి నుంచి లాగి కొత్తవాటికి ఇస్తోంది. పాత ఆకుల్లో సూదితో పొడిచినట్టు చిల్లులు పడితే పొటాషియం. ఇనుము అలా కదలదు, అది తక్కువైతే కొత్త ఆకులే పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. క్రిప్ట్‌కు వేరు దగ్గర ఎరువు బిళ్ల పెడితే చాలు, జావా ఫెర్న్ నీళ్లలోంచే తీసుకుంటుంది.

కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ గురించి అడిగావు. నీ దగ్గరున్న మొక్కలకు అక్కర్లేదు. ఎర్రటి మొక్కల మోజు పుట్టినప్పుడు చూద్దాం. పెట్టినా లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటనివ్వకు, లైటు ఆరాక ఆపెయ్. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే అది ఎక్కువైనట్టే.

గోల్డ్‌ఫిష్ కొనాలనుకుంటున్నావట. కొనుక్కో, కానీ మెత్తటి మొక్కలన్నీ దాని మేతే అవుతాయి. అనూబియాస్, జావా ఫెర్న్ జోలికి అంతగా పోదు.

కత్తిరించిన కొమ్మల్ని చెరువులో, కాలువలో మాత్రం పడెయ్యకు. గుర్రపు డెక్క చెరువుల్ని ఎలా కమ్మేస్తుందో నీకు వేరే చెప్పాలా? ఎండబెట్టి కుండీల్లో ఎరువుగా వేసుకో.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది, జావా ఫెర్న్‌ను పైకి తియ్యి, డ్రసీనాను ఎత్తి నిలబెట్టు, క్రిప్ట్‌ను వదిలెయ్. మూడు వారాలాగి రెండో మొక్క కొత్త ఆకు ఫోటో పంపు. తీసేటప్పుడు ఫ్లాష్ ఆపు నాన్నా, నువ్వు పంపిన వాటిలో సగం గాజు మీద మెరుపే కనబడుతోంది.

మీ పెద్దమ్మ