వచ్చేయమనే ముందు రెండు సంగతులు కనుక్కోండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. మా అమ్మాయి ఎం.ఏ. ఇంగ్లీష్, బీఎడ్ చేసి, రెండేళ్లు ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పింది. మే నెలలో థాయ్‌లాండ్ వెళ్లి, ఈశాన్యం వైపు చిన్న ఊళ్లో ఇంగ్లీష్ టీచరుగా చేరింది. ఏడు వారాలైంది. రోజూ రాత్రి వీడియో కాల్‌లో ఏడుపే. క్లాసులో పిల్లలు నోరు తెరవడం లేదట, తిండి సహించడం లేదట. వాళ్ల నాన్నగారేమో ‘కువైట్ వెళ్లినవాళ్లే నెలకి అలవాటు పడ్డారు, చదువుకున్న పిల్లకేమైంది’ అంటున్నారు. వచ్చేయమనమంటారా?

జవాబు: ముందు మీవారి మాట సంగతి చూద్దామమ్మా. కోనసీమ నుంచి కువైట్ వెళ్లిన మనిషికి అక్కడ మలికిపురం వాళ్లో, సఖినేటిపల్లి వాళ్లో ఎవరో ఒకరు తగులుతారు. సెలవు రోజున నలుగురూ కలిసి చేపల పులుసు వండుకుంటారు. మీ అమ్మాయికి ఆ ఊళ్లో తెలుగు ముక్క వినపడేది మీ ఫోన్లోనే. పైగా ఆమె పనే మాట్లాడటం. తన ఇంగ్లీషుని అందరూ తూకం వేస్తున్నారేమోనని పొద్దున్నుంచీ టెన్షన్ పడి గదికి చేరుతుంది. అక్కడి చాలా ప్రకటనల్లో ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్న దేశాలవాళ్లే కావాలని రాస్తారు, జీతం దగ్గరా ఆ తేడా చూపిస్తారు. ఆ మాట ఆమె చెవిన ఈపాటికి పడే ఉంటుంది. కాబట్టి కువైట్‌తో పోలిక వద్దు.

పిల్లలు నోరు తెరవడం లేదన్నారు చూశారూ, ఏడుపంతా అక్కడిదేనని నా అనుమానం. ఈ పనిలోకి రాకముందు నేనూ ఆ దేశంలో రెండేళ్లు పాఠాలు చెప్పాను. చేరిన రెండో వారం ఒక కుర్రాడు ‘బస్’ని ‘బట్’ అని చదివాడు. థాయ్‌లో మాట చివర ‘స్’ నిలవదు, ‘ట్’ లాగా తెగిపోతుంది. నేను వాణ్ణి నిలబెట్టి అందరి ముందూ మూడుసార్లు అనిపించాను. ఇక్కడ మనకది మామూలే కదా. ఆ కుర్రాడు మళ్లీ నెల దాటేవరకు నా క్లాసులో పెదవి విప్పలేదు. పక్క సెక్షన్‌కి చెప్పే ఫిలిప్పీన్స్ టీచరు ఒకామె, ఇక్కడ పదిమందిలో తప్పు పడితే చెంప మీద కొట్టినట్టేనని నాకు మెల్లిగా చెప్పింది. వాళ్లకి ‘క్రేంగ్ జాయ్’ అని ఒక మాట ఉంది. అవతలివాళ్లని ఇబ్బంది పెట్టకూడదనే జంకు. మన మొహమాటం అనుకోండి, దగ్గరగా సరిపోతుంది. టీచరు అడిగినదానికి తప్పు చెప్పి నవ్వులపాలయ్యే కన్నా తల వంచుకుని కూర్చోవడమే మేలనుకుంటారు ఆ పిల్లలు.

తమాషా ఏమిటంటే, ఆ రోజు నేను మూడుసార్లు అనిపించింది ‘బస్సు’! వాళ్లు మాట చివర కోసేస్తారు, మనం ఒక అచ్చు తగిలిస్తాం. తర్వాతెప్పుడో ఆ రెండు తప్పులూ బోర్డు మీద పక్కపక్కన రాసి, నా తప్పుకి నేనే నవ్వాను. క్లాసంతా నవ్వింది, ఆ కుర్రాడితో సహా. మీ అమ్మాయిని ఒక్కొక్కరినీ లేపి అడగడం ఆపమనండి. ముందు అందరిచేతా కలిపి అనిపించాలి, తర్వాత ఇద్దరిద్దరిని మాట్లాడుకోమనాలి. ఒంటరిగా నిలబెట్టడం ఎప్పుడో చివర. బీఎడ్ చేసిన పిల్ల, ఇంతకన్నా నేర్పక్కర్లేదు.

మీ అమ్మాయికి ఇంకొకటి చెప్పండి. అక్కడ ఆడవాళ్లు మాట చివర ‘ఖా’ అంటారు, మగవాళ్లు ‘ఖ్రాప్’ అంటారు. అచ్చం మన ‘అండి’. ‘ఉందండి, లేదండి, వస్తానండి’ అంటూ పెరిగిన గోదావరి పిల్లకి ఇది పుట్టుకతో వచ్చిన విద్య. కూరగాయల బండి దగ్గర, ఆఫీసులో, వాచ్‌మన్‌తో, ప్రతి మాటకీ ‘ఖా’ తగిలించమనండి. వారంలో పలకరింపులు మారిపోతాయి.

తిండికి అంత బెంగ అక్కర్లేదు. ఆ ఈశాన్యం వైపు జనం జిగురన్నం చేత్తోనే ముద్దలు చేసుకుని తింటారు. ఊరబెట్టిన చేపల వాసన మొదట్లో కడుపులో తిప్పుతుంది కానీ, ఎండుచేపల కూర తిన్న ఇంటి పిల్ల తట్టుకుంటుంది. కొబ్బరిపాలు పోసి గుంత పునుగుల్లా కాల్చే ‘ఖనోమ్ క్రోక్’ దొరుకుతుంది, తినమనండి. గొడ్డుమాంసం తినదంటే ‘మాయ్ కిన్ నుయా’ అంటే చాలు.

ఇప్పుడు మీ వంతు. మీరు పని ముగించుకుని రాత్రి 9:30కి ఫోన్ చేస్తే అక్కడ 11 గంటలు. ఉదయం 8 గంటలకి జెండా ఎగరేసి జాతీయ గీతం పాడే వేళకి టీచర్లంతా వరసలో ఉండాలి. రోజంతా అలిసిపోయిన పిల్లకి అర్ధరాత్రి అమ్మ మొహం కనపడితే ఏడుపు రాక ఏం వస్తుంది? రోజూ వద్దు. ఆదివారం పగలు తీరిగ్గా మాట్లాడండి, మధ్యలో వాయిస్ మెసేజ్‌లు చాలు. ఇది మీకే కష్టం, తెలుసు.

అయితే రెండు సంగతులు మాత్రం ఈ వారమే కనుక్కోండి. మొదటిది కాగితాలు. ఉద్యోగానికని ఇచ్చే నాన్-ఇమిగ్రెంట్ ‘బి’ వీసా మీదే వెళ్లిందా, వర్క్ పర్మిట్ వచ్చిందా, పాస్‌పోర్టు తన చేతిలోనే ఉందా? ఆ వీసాకి మొదట 90 రోజులే ఇస్తారు, ఈలోగా స్కూలు పొడిగింపుకి కాగితాలు పెట్టాలి. ఏడు వారాలంటే సగం దాటింది. టూరిస్టుగా దిగి పాఠాలు చెబుతోందని తేలినా, గడువు పెంచుకోవడానికి ‘సరిహద్దు దాటి మళ్లీ రా’ అని ఎవరైనా అన్నా, ఇంకేమీ ఆలోచించకుండా పిలిపించేయండి. అవసరమైతే విదేశాల్లోని తెలుగువాళ్ల కోసం మన రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్ఆర్‌టీ సొసైటీకి, బ్యాంకాక్‌లోని మన ఎంబసీకి చెప్పండి. రెండోది ఆరోగ్యం. ఏడవడం వేరు, నిద్ర లేకపోవడం, తినకపోవడం, స్కూలుకే వెళ్లలేకపోవడం వేరు. రెండోరకం రెండు వారాలు సాగితే డబ్బు లెక్క చూడకుండా పిలిపించేయండి.

ఈ రెండూ బాగానే ఉంటే మొదటి టర్మ్ పూర్తి చేయనివ్వండి. అక్టోబరులో అక్కడ సెలవులు. ఇంటికి రావడానికి రానూపోనూ టికెట్ ఇప్పుడే తీయండి, తేదీ కనపడితే మనిషికి కాస్త ఊపిరాడుతుంది. బయల్దేరే ముందు ‘రీ-ఎంట్రీ పర్మిట్’ తీసుకోమని గట్టిగా చెప్పండి. అది లేకుండా దేశం దాటితే పొడిగించిన వీసా అక్కడితో పోతుంది. తిరిగి వెళ్లాలో వద్దో మీ పెరట్లో కూర్చుని ఆమే తేల్చుకుంటుంది.