అడ్వాన్సు ఇచ్చే ముందు పాలసీ కాగితం చూడు

అమ్మాయీ,

కర్నూలు పాతబస్తీ స్థలంలో ఇల్లు మొదలుపెడుతున్నావని మీ నాన్న చెప్పాడు. సంతోషం. కాంట్రాక్టరు “అన్నిటికీ ఇన్సూరెన్స్ ఉంది” అన్నాడట. కాగితం అడుగు. నేను బీమా సర్వేయరుగా తిరిగిన రోజుల్లో, పాలసీ చూపించమంటే మిక్సరు బండి పాలసీ తెచ్చిన ఘనులున్నారు.

నీకు కావలసింది కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ, అంటే కట్టుబడి జరుగుతుండగా పనికి, సరుకుకు వచ్చే నష్టానికి చేసే బీమా. పాలసీ వివరాలుండే షెడ్యూల్ పేజీలో నీ పేరు, ఆ స్థలం చిరునామా, గడువు తేదీ చూసుకో. మీది లేబర్ కాంట్రాక్టు కదా, సిమెంటు, ఇనుము కొనేది నువ్వు. అతను కూలి మొత్తానికే బీమా చేయిస్తే నీ సరుకు లెక్కలోకి రాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ఎలా ముంచిందో నీకు గుర్తుండే ఉంటుంది. అందుకే సరుకుతో సహా పూర్తి విలువకు, ఇద్దరి పేర్ల మీదా తీసుకోండి.

నాకు ఎక్కువ భయం పక్కింటి గోడ గురించే. రాళ్లు, మట్టితో కట్టిన పాత గోడ అది. మీరు పునాది తవ్వితే దానికి ఊతం తగ్గి బీటలివ్వచ్చు. ఇతరులకు జరిగే నష్టానికి ఈ పాలసీలో రక్షణ ఉన్నా, ఊతం తగ్గడం వల్ల, అదురు వల్ల వచ్చే నష్టాన్ని విడిగా అడిగి చేర్పించుకుంటేనే ఇస్తారు. గునపం దిగకముందే, పక్కింటివాళ్లను దగ్గర నిలబెట్టుకుని గోడ నాలుగు వైపులా ఫొటోలు తీయించు. ఇప్పటికే ఉన్న బీటలు కూడా ఫొటోల్లో పడాలి.

ఆల్ రిస్క్ అన్నారు కదా అని ఆర్కిటెక్టు తప్పును ఇందులో వెతక్కు. డిజైన్ లోపానికి ఆయన దగ్గర ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ, అంటే తన వృత్తిలో చేసిన తప్పు వల్ల ఇతరులకు వచ్చే నష్టానికి బీమా, ఉండాలి. అది క్లెయిము వేసేనాటికి అమల్లో ఉంటేనే పనికొస్తుంది. మూడేళ్ల తర్వాత దూలం కుంగితే ఈనాటి పాలసీ నకలు చూపించి లాభం లేదు. కాబట్టి ఏటా రెన్యువల్ చేయాలని ఒప్పందంలో రాయించు. ఆయనకు కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా చూడు.

కూలీల ప్రమాద బీమా వేరు. సెంట్రింగ్ మేస్త్రి తెచ్చే మనుషులు కూడా అందులో ఉన్నారా అని అడుగు.

ముహూర్తం దొరికిందని పై అంతస్తు పని మిగిలుండగానే గృహప్రవేశం చేసేది మనవాళ్లే. వాడకంలోకి వచ్చిన భాగానికి ఈ పాలసీ రక్షణ అక్కడితో ఆగిపోతుంది. డబ్బు చాలక పని ఆపినా బీమా కంపెనీకి ముందే రాసి పెట్టు.

షెడ్యూల్ పేజీ ఫొటో తీసి పంపు, చూస్తాను. అంతవరకు అడ్వాన్సు ఇవ్వకు.

మీ పెదనాన్న